రాగి ముక్కలు, నీలం సీసా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కోపం కంటే ముందు తొందర. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే కార్ఖానాలో ముప్పై అయిదేళ్ళు ఫిట్టర్‌గా చేశాను. "ఆలస్యం అమృతం విషం" అని కిందివాళ్ళ మీద తెలుగులోనే అరిచేవాణ్ణి. వాళ్ళు బెంగాలీలూ, బీహారువాళ్ళూ. ముక్క అర్థం కాకపోయినా పని జరిగేది. అలాంటివాణ్ణి రిటైరయ్యాక పాత సీసాలు తోమే పనిలో పడ్డాను. ఆ పనిలో ఒక పీపా రోజుల తరబడి మెల్లగా దొర్లుతూ ఉంటుంది. మూత తీసి చూడకుండా పక్కన కూర్చోవాలి. ఇది దేవుడు నాకు వేసిన శిక్ష అంటుంది మా ఆవిడ.

ఈ పిచ్చి నాకు అంటించింది ఏక్‌బాల్‌పూర్‌లో ఉండే ఒక బెంగాలీ పెద్దాయన. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. నేను దాదా అనే పిలుస్తాను. నది బురదలోంచీ, పాత ఇళ్ళ పునాదుల్లోంచీ బయటపడిన సిరా బుడ్లూ, మందు సీసాలూ, సోడా కాయలూ ఆయన మంచం కింద కూడా ఉంటాయి. వాటిని శుభ్రం చేసే యంత్రం కావాలని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చేసి ఇచ్చాను. చేస్తుండగా నాకే ముచ్చటేసి, అలాంటిదే ఇంకొకటి మా వెనక వసారాలో బిగించుకున్నాను. పాత వాషింగ్ మెషీను మోటారు, రబ్బరు గొట్టం తొడిగిన రెండు ఇనప కడ్డీలు, వాటి మీద దొర్లడానికి రెండు వైపులా మూతలున్న లావుపాటి ప్లాస్టిక్ పైపు. అంతే యంత్రం.

ఏళ్ళ తరబడి మట్టిలో ఉన్న గాజుకి ఒక తెల్లటి జబ్బు పడుతుంది. తడిగా ఉన్నప్పుడు పోయినట్టే కనిపిస్తుంది, ఆరగానే మళ్ళీ తెల్లబడుతుంది. సబ్బుకీ, చింతపండుకీ లొంగదు. పై పొర అరగదీయాల్సిందే. సన్నగా తరిగిన రాగి తీగ ముక్కలు, గరుకు పొడి, నీళ్ళు కలిపి సీసా లోపల సగం దాకా పోసి బిరడా పెడతాం. సీసా పీపా గోడలకు తగలకుండా రబ్బరు కొక్కేలతో పట్టి ఉంచి, చుట్టూ కూడా అవే పోసి, మూత బిగించి తిప్పుతాం. రాగి మెత్తన కాబట్టి గాజును గీరదు. బరువు కాబట్టి పొడిని గాజుకేసి బాగా రుద్దుతుంది. గరుకు పొడితో మూడు రోజులు, కడిగేసి మెరుగు పొడితో ఇంకో మూడు రోజులు. అన్ని రోజులూ చాటలో గులకరాళ్ళు చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు.

మొదటి సీసాకే నా బుద్ధి చూపించుకున్నాను. మూడు రోజులు ఎవడు ఆగుతాడని పెద్ద చక్రం తగిలించి పీపాను గిర్రున తిప్పాను. సాయంత్రానికల్లా దాదా ఇచ్చిన సిరా బుడ్డి పెంకులై కూర్చుంది. నేను తల వంచుకుని ఆ పెంకులు ఆయన ముందు పెడితే ఆయన తిట్టలేదు. "ఆస్తే, భాయ్, ఆస్తే," అన్నాడు. నెమ్మది, తమ్ముడూ, నెమ్మది అని. తర్వాత ఇంకో మాట చెప్పాడు. గరుకు పొడి మరీ ఎక్కువ రోజులు తిప్పితే సీసా మీద పోతపోసిన అక్షరాలు అరిగిపోతాయి, అక్షరాలు పోయిన సీసా ఉట్టి గాజు ముక్క, ఆ పాపం మాత్రం చెయ్యకు అని. అప్పుడు బుద్ధిగా తలూపాను.

పోయిన వేసవిలో మా అక్క వచ్చింది. మేం అప్ప అంటాం. నాకంటే పదేళ్ళు పెద్దది. బావ రైల్వేలో చేసేవాడు, ఆయన పోయాక కూడా కొడుకుతో నది అవతల టికియాపారాలోనే ఉంటోంది. చీర కొంగులో చుట్టి తెచ్చిన వస్తువును నా చేతిలో పెట్టింది. అది మా అమ్మ సీసా.

సీసా అని తెలిసినవాళ్ళకే అది సీసా. కొత్తవాళ్ళు చూస్తే గ్రామదేవత రాయి అనుకుంటారు. మా అయ్య ఓడలు ఆగే డాకులో మట్టి తోడే పడవ మీద కూలీ. శ్రీకాకుళం నుంచి వచ్చిన మొదటి ఏడాది, నది అడుగునుంచి తోడిన బురదలో ఈ సీసా దొరికితే ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాడు. గంగమ్మ ఇచ్చిందని అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టి, గంగ నీళ్ళు పోసి, ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేది. పాత పసుపు కడిగేది కాదు. దాని మీదే కొత్తది. పసుపూ, నూనె, దీపం మసీ కలిసి రాయిలా గట్టిపడిపోయాయి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది పచ్చగానే ఉంది. లోపల నీలం గాజు ఉందని అప్ప చెబితే వినడమే.

మేముండే కూలీ లైన్లో ఎవరికైనా ఆఖరి ఘడియ వస్తే ఆ సీసా కోసం వచ్చేవారు. ఇత్తడి చెంబులో గంగ నీళ్ళు వాళ్ళ ఇళ్ళలోనూ ఉండేవి, కానీ అమ్మ సీసాలోంచి గొంతులో రెండు చుక్కలు పడితేనే వాళ్ళకు తృప్తి. అమ్మకి అయ్య పోశాడు. అయ్యకి అప్ప పోసింది. నేనప్పుడు రెండో షిఫ్టులో ఉన్నాను. కబురంది పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది. ఇరవై ఏళ్ళవుతున్నా ఆ మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను. అప్పకి మాత్రం అదొక నిబ్బరం. "నా సేతి నీళ్ళు గుటకేసి, సల్లగా ఎల్లిపోనాడు," అని ఎవరొచ్చినా చెప్పుకునేది.

"ఒరే, వచ్చే నెల నా కంటికి ఆపరేషనంట," అంది అప్ప. రెండు కళ్ళకీ శుక్లాలు, మనిషిని గొంతు బట్టే గుర్తుపడుతోంది. "కట్టిప్పినాక నాను ఈ నీలం సూడాల. అయ్య తెచ్చిన్రోజు ఎండకెత్తి సూపించినాడు, అలగ. సేస్తావా?"

"సేస్తానప్పా," అన్నాను.

"తొందరపడి పగలగొట్టకు. అమ్మ మీదొట్టు," అంది.

ఆ ఒట్టు నా చేతులు కట్టేసింది. పసుపు నానబెట్టి తీయడానికే వారం పట్టింది. గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, వెదురు పుల్లతో పొర తర్వాత పొర లేపాను. ఎర్రటి పొర, పచ్చటి పొర, నల్లటి పొర. మా అమ్మ శుక్రవారాలన్నీ బకెట్లో కరిగాయి. ఆ నీళ్ళు మురిక్కాలవలో పొయ్యడానికి మనసొప్పక తులసి కుండీలో పోశాను. కింద గాజు బయటపడింది గానీ తెల్లటి జబ్బుతో చెడ్డ మసకగా ఉంది. పక్కల నిలువు చారలు గరుగ్గా చేతికి తగిలాయి. ఒక ముఖం మీద ఏవో అక్షరాల్లాంటివి ఉన్నాయి, తయారుచేసినవాడి పేరేమో అనుకున్నాను. దీపం వెలుగుకి ఎదురుపెట్టి ఎక్కడా బీట లేదని చూసుకుని పీపాలోకి దించాను.

ఆ ఆరు రోజులూ నేను మూత ముట్టుకోలేదు. మా ఆవిడ ఇరుగుపొరుగు వాళ్ళను పిలిచి మరీ ఈ వింత చూపించింది.

మెరుగు పొడి నుంచి తీసి కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తెల్లబడుతుందేమోనని గంటసేపు కాపలా కాశాను. తెల్లబడలేదు. ఎండలోకి ఎత్తేసరికి నా చొక్కా మీద నీలం పడింది. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. అయ్య చూపించిన నీలం ఇదన్నమాట అనుకుంటూ సీసాను తిప్పాను. అప్పుడు చదివాను. పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో అడ్డంగా పాయిజన్ అనీ, దాని కింద నిలువుగా నాట్ టు బి టేకెన్ అనీ ఉంది. విషం. లోపలికి పుచ్చుకోరాదు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అక్షరాలు అంత బాగా తేలేలా తోమినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆటో పట్టుకుని ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. దాదా సీసా చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. వెనకటి రోజుల్లో దీపాల వెలుగులో బతికే ఇళ్ళలో మందు సీసాకీ విషం సీసాకీ తేడా తెలియాలని, నీలం రంగుతో, చీకట్లో కూడా చేతికి తగిలే చారలతో ఇలా పోతపోసేవారట. అక్షరాలు ఒక్కటి కూడా అరగలేదు, నీ చేతికి ఓపిక వచ్చింది అని మెచ్చుకున్నాడు. ఆ సీసాలోంచి మావాళ్ళు ఏం తాగారో ఆయనకు చెప్పలేదు.

విషం నాకు భయం కాదు. నూరేళ్ళు నదిలో నానినదాంట్లో ఏముంటుంది? నా భయం అప్ప గురించి. అయ్య ఆ నీళ్ళు మింగి, ఆ మింగడంతోనే పోయాడు. ఇన్నేళ్ళూ అది ఆమెకు ధైర్యం. రేపు కట్టు విప్పాక ఈ సీసా చూస్తుంది. ఇంగ్లీషు రాదు గానీ బావ మందుల పేర్లు పదేళ్ళు కూడబలుక్కుని చదివిన మనిషి. ఆ మాట మాత్రం చదవగలదు. చదివాక ఆమెకి నిద్ర పడుతుందా? నా చేతులతో నేనే మా అయ్యకి విషం పోశానా అని ఒక్కసారి అనుకుంటే చాలు. డెబ్బై దాటిన మనిషి, ఆ బరువు ఎలా మోస్తుంది?

అప్ప కన్ను బాగవ్వాలి. బాగవుతుందనుకుంటేనే నాకు భయం. మా ఆవిడకు చెబితే, "అప్ప కళ్ళు బాగయితే ఏడిసే తమ్ముణ్ణి నిన్నే సూసాను. ఎల్లి సెప్పీ," అంది. వెళ్ళలేదు. ఫోను కూడా చెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆపరేషన్ అయింది. బాగానే అయిందని మేనల్లుడు ఫోను చేసి చెప్పాడు. సీసా అయిందా అని అప్ప అడుగుతోందన్నాడు. ఇంకా తిరుగుతోందని అబద్ధమాడాను.

దాదా చెయ్యొద్దన్న పాపం అప్పుడు గుర్తొచ్చింది. గరుకు పొడి, ఇంకో పది రోజులు. అక్షరాలు అరిగి నున్నబడిపోతాయి. నీలం మిగులుతుంది, విషం పోతుంది. అప్ప అడిగింది నీలమే కదా. ఒక ఆదివారం పొద్దున్నే టీ అయినా తాగకుండా సీసాను మళ్ళీ పీపాలో పెట్టాను. మామూలు కంటే రెట్టింపు గరుకు పొడి పోశాను. మోటారు వేసి, దానికి వీపు తిప్పి కూర్చున్నాను.

పదకొండు గంటలకి గుమ్మంలో అప్ప నిలబడి ఉంది. నల్ల కళ్ళజోడు, చేతిలో గొడుగు, ఒక్కర్తే. టికియాపారా నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట.

"బస్సు నంబరు నానే సదువుకున్నాను," అంది గొప్పగా. చెవి ఒగ్గి వింది. "అదేటి, ఇంకా అవనేదా?"

నేను నోరు తెరిచేలోపలే మా ఆవిడ అందుకుంది. "ఎప్పుడో అయిపోయిందొదినా. బంగారంలాగ అయింది. ఈరోజు మళ్ళీ ఎట్టినాడు. ఎందుకో నువ్వే అడుగు."

అప్ప కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నల్ల కళ్ళజోడు తీసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె చూపు సరాసరి నా మొహం మీద నిలిచింది.

"సదివినావు గదా?" అంది.

"ఏటి?"

"దాని మీదున్నది."

నేను పీపా కేసి చూశాను. అప్ప నవ్వింది. "కట్టిప్పి పదిగేను రోజులైనాది. అరుసుకుంటా టికియాపారా ఒచ్చెస్తావనుకున్నాను. ఫోనైనా సెయ్యనేదు. నువ్వు నోరు మూసుకున్నావంటే ఏటో పెద్దదే జరిగుంటాదని నానే ఒచ్చీసినాను."

"నీకు ముందే తెలుసా?"

"నాకు పదేళ్ళప్పుడే తెలుసు."

అప్పుడు చెప్పింది. అయ్య సీసా తెచ్చిన మర్నాడే అమ్మ దాన్ని కడిగి, అప్పను వెంటబెట్టుకుని డాకు మందులిచ్చే చోటికి దగ్గు మందు కోసం పట్టుకెళ్ళిందట. అక్కడి కాంపౌండరు సీసా చూసి, గోటితో మిగిలిన బురద గీకి చదివి, ఇది విషం పోసే సీసా, పారెయ్యి అని హిందీలో కేకలేశాడట. అమ్మ పారెయ్యలేదు. ఈ ఊరొచ్చాక మొగుడు తెచ్చి చేతిలో పెట్టిన మొదటి వస్తువు అది. ఇంటికొచ్చి బూడిదేసి తోమింది, చింతపండేసి తోమింది, ఎసట్లో ఉడికించింది. తర్వాత గంగ నీళ్ళు పోసి నెల రోజులు తనొక్కర్తే రోజూ గుక్కెడు తాగింది. పిల్లలెవరూ ముట్టుకోకుండా ఒట్టేయించింది. ఏమీ కాలేదు.

"అప్పుడు గూట్లో ఎట్టీసింది. గంగమ్మ కడుపులో అన్నాళ్ళున్నాక ఇంకేటి విసం ఉంటాదన్నాది. కానీ లైన్లో సదువుకున్నోడెవడైనా సూసి గోల సేస్తాడని, ఆ రాత కనపడకుండా పసుపు మెత్తీసింది. అందుకే అన్నేళ్ళూ కడగనేదు."

అమ్మ భక్తి అనుకుని నేను వారం రోజులు పుల్లతో తీసిన పసుపు అది. అమ్మ పసుపుతో చేసిన పనే నేను ఇప్పుడు గరుకు పొడితో చేస్తున్నాను.

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"నీకు సెప్తే గోడకేసి కొట్టీసుందువు. అమ్మే వొద్దంది." అప్ప కళ్ళు చికిలించి నన్ను పరీక్షగా చూసింది. "అమ్మ అది తాగిన నెల్లోనే నువ్వు కడుపులో పడ్డావురా. అప్పటికి అమ్మకీ తెల్దు. ఆ విసవే నీ ముక్కు మీదకెక్కిందేమో అని అయ్యా అమ్మా నవ్వుకునీవోరు."

మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతూ గోడకి ఆనుకుంది. నేను నవ్వలేకపోయాను. "పోయేరోజు కూడా అయ్యకి అది గుర్తున్నాదా?" అని మాత్రం అడిగాను.

అప్ప నల్ల కళ్ళజోడు కొంగుతో తుడిచింది. "ఆరోజు నీళ్ళు అడిగితే నాను సెంబు పట్టుకెల్లినాను. ఒద్దన్నాడు. 'ఆ విసం సీసా తేయే, మీ అమ్మ దాంతోనే ఎల్లింది' అన్నాడు. నవ్వుతానే అన్నాడు. పోసినాను. ఆ నవ్వుమొగంతోనే ఎల్లిపోనాడు. నువ్వొచ్చేసరికి మూతి మీద ఇంకా ఉన్నాది, నువ్వు సూసుకోనేదు."

ఆరోజు నేను మొహం కేసి చూడలేదు. ఆలస్యమైనందుకు గోడకి తల బాదుకుంటున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత మా అయ్య నవ్వు నాకు అందింది. ఏడ్చాను. అరవై దాటినవాణ్ణి, పెళ్ళాం ముందు ఎక్కెక్కి ఏడ్చాను. అప్ప నా నెత్తి మీద చెయ్యి వేసి, "సాల్లే, ముందు ఆ మోటారు కట్టీ. మా అమ్మ దాసింది గానీ సెరపనేదు. నువ్వు సెరిపీకు," అంది.

అంతవరకూ నేను ఎంత సేపు కూర్చున్నానో చూసుకోలేదు. రెట్టింపు పొడి, అయిదు గంటలు. ఉరికి మోటారు ఆపాను. మూత మరలు విప్పే ఓపిక లేక రెంచి రెండుసార్లు జారి వేలు చిట్లింది. నా జన్మలో మొదటిసారి నా తొందర మంచి పనికి వచ్చింది. రాగి ముక్కలన్నీ జల్లెడలో కుమ్మరించి, సీసాను బూడిదరంగు నీళ్ళలోంచి తీసి, కుళాయి కింద పెట్టి, బొటనవేలితో తడిమాను. తగిలాయి. అంచులు కాస్త మెత్తబడ్డాయి, పైన నునుపు పోయి గరుగ్గా అయింది, కానీ ఒక్క అక్షరం కూడా పోలేదు.

అప్ప దాన్ని రెండు చేతుల్తో అందుకుని వసారా చివరికి నడిచి, ఎండకి ఎత్తింది. తడిలో మసక తెలియడం లేదు. నీలం ఆమె నుదుటి మీద, తెల్ల జుట్టు మీద పడింది. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత వేలు పెట్టి, ఒక్కో అక్షరం మీదా ఆగుతూ, బడిపిల్లలా పైకి చదివింది. ఎన్, ఓ, టి దగ్గర, "ఇది తాగొద్దనే గదా?" అంది.

"అవునప్పా. ఆరితే మళ్ళీ మసకేస్తాది. మెరుగు పొడిలో ఇంకో మూడ్రోజులు ఎట్టాల," అన్నాను.

"మూడు కాదు, ఆరెట్టు. నాకేటి తొందర నేదు." కుళాయి నీళ్ళు సగం దాకా పట్టి, గిలకరించి పారబోసి, మళ్ళీ పట్టింది. తను ఒక గుక్క తాగింది. నాకిచ్చింది. మా ఆవిడ కూడా తాగింది. గొంతుకి కాస్త రాగి రుచి తగిలింది.

వెళ్ళేముందు చెప్పులు తొడుక్కుంటూ అప్ప నా భుజం పట్టుకుంది. "నాకు ఆకరి సుక్క దీంతోనే పొయ్యాల. ఈసారి షిఫ్టూ గిఫ్టూ నేవు. నువ్వే పొయ్యాల."

"పోస్తానప్పా," అన్నాను.

"కానీ ఒరే," అంది, బస్సు నంబరు చదవడానికి రోడ్డు కేసి చూస్తూ, "తొందరపడకు."